భాష దాటే సంఖ్యకు టైపు మీరే చెప్పండి

జావాలో రాసిన ఒక లైబ్రరీలో 'ఛార్జ్' అనే పేరుతో రెండు మెథడ్‌లు (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలు) ఉన్నాయనుకోండి. ఒకటి లాంగ్ (64 బిట్ల పూర్ణసంఖ్య) తీసుకుంటుంది. దానికి వచ్చే సంఖ్య పైసల్లో ఉంటుంది. రెండోది డబుల్ (64 బిట్ల దశాంశ సంఖ్య) తీసుకుంటుంది. దానికి వచ్చేది రూపాయల్లో. జావా కోడ్‌లోనే ఛార్జ్(500) అని పిలిస్తే లాంగ్ మెథడ్‌కు వెళ్తుంది, అంటే ఐదు రూపాయల మీద లెక్క. అదే లైబ్రరీని జావా మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే రైనో ఇంజిన్‌లోని స్క్రిప్ట్ నుంచి ఛార్జ్(500) అని పిలిస్తే డబుల్ మెథడ్‌కు వెళ్తుంది. ఇప్పుడు లెక్క ఐదు వందల రూపాయల మీద. పైథాన్ 3 నుంచి 1000/2 అని రాసి పంపినా అంతే, ఎందుకంటే అక్కడ ఆ భాగహారం ఫలితం 500 కాదు, 500.0. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో హెచ్చరిక ఉండదు. ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, జవాబు మాత్రం వంద రెట్లు తేడా.

నేను హైదరాబాద్‌లో లావాదేవీల రిపోర్టులు తయారుచేసే ఒక టీమ్‌లో పనిచేస్తాను. మా లెక్కల కోడ్ అంతా జావాలో ఉంది. దాన్ని పైస్పార్క్ (పెద్ద డేటాను పైథాన్ నుంచి నడిపే సాధనం) జాబ్‌లు పిలుస్తాయి, నియమాలు రాసుకునే చిన్న చిన్న జావాస్క్రిప్ట్‌లు పిలుస్తాయి, గణాంకాలు చూసేవాళ్లు ఆర్ నుంచి పిలుస్తారు. కొత్తగా చేరినవాళ్లు లాప్‌టాప్ పట్టుకొచ్చి "అక్కా, టెస్టులో సరిగ్గానే వచ్చింది, ప్రొడక్షన్‌లో ఎందుకు మారింది?" అని అడిగే వాటిలో చాలా భాగం ఈ జాతివే. వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు సంగతి ఇది. ఒకే పేరున్న మెథడ్‌లలో ఏది పిలవాలో తేల్చేది ఆ మెథడ్ రాసిన మనిషి కాదు, పిలిచే వైపు ఉన్న కంపైలరో, రెండు భాషల మధ్య కూర్చున్న బ్రిడ్జో. భాష మారితే తేల్చేవాళ్లు మారతారు, వాళ్ల నియమాలూ మారతాయి. అందుకని సంఖ్య సరిహద్దు దాటే ప్రతిచోటా దాని టైపు పిలిచేవాళ్లే స్పష్టంగా రాయాలి.

జావా తన ఇంట్లో ఎలా ఎంచుకుంటుంది

జావా కంపైలర్ మూడు విడతల్లో వెతుకుతుంది. మొదటి విడతలో టైపు సరిగ్గా సరిపోయేవి, లేదా చిన్న టైపు నుంచి పెద్ద టైపుకు నేరుగా వెళ్లగలిగేవి చూస్తుంది. ఏదీ దొరకకపోతే రెండో విడతలో బాక్సింగ్‌ను, అంటే 32 బిట్ల పూర్ణసంఖ్య టైపైన ఇంట్‌ను ఇంటిజర్ ఆబ్జెక్టుగా చుట్టడాన్ని, దాన్ని విప్పడాన్ని అనుమతిస్తుంది. అప్పటికీ దొరక్కపోతే మూడో విడతలో ఎన్ని ఆర్గ్యుమెంట్‌లైనా తీసుకునే మెథడ్‌లను చూస్తుంది. ఒక విడతలో దొరికిందంటే తరువాతి విడత జోలికి పోదు. అందుకే ఒక మెథడ్ లాంగ్‌ను, మరో మెథడ్ ఇంటిజర్ ఆబ్జెక్టును తీసుకుంటున్నప్పుడు ఇంట్ పంపితే చాలామంది ఊహించేదానికి భిన్నంగా లాంగ్ గెలుస్తుంది. లాంగ్ మొదటి విడతలోనే దొరికింది కదా.

ఒకే విడతలో రెండు మూడు సరిపోతే వాటిలో ఇరుకైనదాన్ని తీసుకుంటుంది. ఇరుకు నుంచి వెడల్పుకు వరస ఇది: బైట్, షార్ట్, ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్. ఈ వరసలో ఒకచోట ఆగి చూడండి. లాంగ్ 64 బిట్లు, ఫ్లోట్ 32 బిట్లే. అయినా జావా లెక్కలో ఫ్లోట్ వెడల్పైనది, ఎందుకంటే అది చూపగలిగే విలువల పరిధి పెద్దది. కచ్చితత్వం మాత్రం 24 బిట్లకే పరిమితం. 16777216 దాకా ప్రతి పూర్ణసంఖ్యనూ ఫ్లోట్ నిలుపుకుంటుంది. 16777217 ఇస్తే 16777216 అయిపోతుంది. ఈ మార్పును జావా ఎవరినీ అడగకుండా చేస్తుంది.

దీని ఫలితం చూడాలంటే మ్యాథ్.రౌండ్ చాలు. అందులో రెండు ఓవర్‌లోడ్‌లు, అంటే ఒకే పేరున్న వేర్వేరు రూపాలు, ఉన్నాయి. ఫ్లోట్ తీసుకునేది ఇంట్ ఇస్తుంది, డబుల్ తీసుకునేది లాంగ్ ఇస్తుంది. ఇంట్‌కు, లాంగ్‌కు విడిగా ఏమీ లేవు. కాబట్టి మ్యాథ్.రౌండ్(123456789) అని పిలిస్తే ఇరుకైన ఫ్లోట్ గెలుస్తుంది, జవాబు 123456792 వస్తుంది. ఆ పరిమాణంలో పక్కపక్కనే ఉన్న రెండు ఫ్లోట్ విలువల మధ్య దూరం 8. అందుకే దగ్గర్లోని ఎనిమిది గుణిజానికి సర్దుకుంది. ఇప్పటి సమయాన్ని మిల్లీసెకన్లలో లాంగ్‌గా తీసుకుని దాన్ని రౌండ్ చేస్తే ఇంకా ఘోరం. ఫలితం ఇంట్ కావాలి కనుక 2147483647 దగ్గర ఆగిపోతుంది, ఏ రోజు నడిపినా అదే సంఖ్య. పూర్ణసంఖ్యను ఎవరు రౌండ్ చేస్తారు అని మీరు అడగొచ్చు. ఎవరూ కావాలని చేయరు. ఒకప్పుడు డబుల్‌గా ఉన్న వేరియబుల్‌ను ఎవరో మంచి ఉద్దేశంతోనే పైసల్లోకి, లాంగ్‌లోకి మారుస్తారు. కింద ఎక్కడో ఉన్న రౌండ్ పిలుపు అలాగే ఉండిపోతుంది. కంపైల్ అవుతుంది కూడా.

ఇదే పనిని మిగతా భాషల్లో చేసి చూడండి. సీ షార్ప్‌లో మ్యాథ్.రౌండ్‌కు డబుల్, డెసిమల్ అని రెండు రూపాలున్నాయి. ఇంట్ ఈ రెండింటికీ వెళ్లగలదు, డబుల్‌కు డెసిమల్‌కు మధ్య మాత్రం దానంతటదే జరిగే మార్పు లేదు. ఏది ఇరుకైనదో తేలదు కాబట్టి కంపైలర్ పిలుపు అస్పష్టంగా ఉందని ఆపేస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లోని ఎస్‌టీడీ రౌండ్ పూర్ణసంఖ్యను డబుల్‌గా చూస్తుంది, జవాబు సరిగ్గా వస్తుంది. కాట్లిన్‌లో ఇంట్ వేరియబుల్ దానంతటది ఫ్లోట్‌గా మారదు. జావా రౌండ్‌నే అక్కడి నుంచి పిలిచినా కంపైలర్ ఒప్పుకోదు. పేరూ సంఖ్యా ఒకటే, నాలుగు భాషల్లో నాలుగు తీర్పులు. వీటిలో సీ షార్ప్, కాట్లిన్‌ల మొండితనమే నాకు నచ్చుతుంది. అడిగే కంపైలర్ మేలు చేస్తుంది.

లాంగ్, డబుల్ అని రెండు ఓవర్‌లోడ్‌లు ఉన్నచోట ఇంట్ పంపినా తేడా కనిపిస్తుంది. జావా, సీ షార్ప్ రెండూ లాంగ్ తీసుకుంటాయి. సీ ప్లస్ ప్లస్ మాత్రం ఇంట్ నుంచి లాంగ్‌కు, ఇంట్ నుంచి డబుల్‌కు జరిగే రెండు మార్పులనూ సమానంగా చూసి అస్పష్టమని ఆపేస్తుంది. జావా కోడ్‌ను సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చేటప్పుడు ఈ ఎర్రర్ వస్తే విసుక్కుని దొరికిన క్యాస్ట్ (టైపు మార్చే గుర్తు) పెట్టేయకండి. జావాలో అది లాంగ్‌కే వెళ్లేదని గుర్తుంచుకుని ఆ క్యాస్టే పెట్టండి.

పిలిచే వైపు సంఖ్య అంటే ఏమిటి

జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ 64 బిట్ల డబుల్‌లే. ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా పట్టే బిగ్ఇంట్ 2020 ప్రమాణంలో వచ్చింది, కానీ 500 అని రాస్తే అది బిగ్ఇంట్ కాదు. పూర్ణసంఖ్యలు 9007199254740991 దాకా భద్రంగా ఉంటాయి, ఆ పైన పక్కపక్క సంఖ్యలు కలిసిపోతాయి. జావా నుంచి చూస్తే ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ తన లోపలి సౌకర్యం కోసం కొన్ని సంఖ్యలను ఇంట్‌గా, కొన్నింటిని డబుల్‌గా దాచుకుంటుంది. రైనో మెథడ్ ఎంచుకునేటప్పుడు సంఖ్యకు డబుల్ వైపే మొదటి మొగ్గు చూపుతుంది. జావా 8తో వచ్చిన నాష్‌హార్న్, ఆ తరువాతి గ్రాల్ జావాస్క్రిప్ట్ 5ను ఇంట్‌గా, 5.5ను డబుల్‌గా పంపుతాయి. ఫలితం వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. స్క్రిప్ట్ ఇచ్చిన జవాబును జావాలో నేరుగా డబుల్‌కు క్యాస్ట్ చేస్తే ఒకరోజు నడుస్తుంది, సరిగ్గా పూర్ణసంఖ్య వచ్చిన రోజు క్లాస్ క్యాస్ట్ ఎక్సెప్షన్‌తో పడుతుంది. జవాబును నంబర్ అనే మాతృ క్లాస్‌గా తీసుకుని డబుల్‌వాల్యూ మెథడ్ పిలవండి. ఏ ఇంజిన్‌కైనా ఇది నిలుస్తుంది.

పైథాన్‌లో ఇంట్‌కు పరిమితి లేదు. జావా వైపు దానికి సరితూగే టైపు ఒక్కటి లేదు, ఇంట్, లాంగ్, బిగ్‌ఇంటిజర్‌లలో ఏదైనా కావచ్చు. పైథాన్‌లో బూల్ కూడా ఇంట్ సంతతే. టైపును బట్టి దారి మార్చే కోడ్ మీరే రాస్తుంటే, ఇంట్ కంటే ముందు బూల్ అవునో కాదో చూడండి. లేకపోతే ట్రూ అనే విలువ 1గా లెక్కల్లో కలుస్తుంది.

పైథాన్‌లో డేటా పట్టికలకు, సంఖ్యలకు పాండాస్, నంపై లైబ్రరీలు వాడేవాళ్లకు ఇంకా రెండు ఉచ్చులున్నాయి. నంపై ఇంట్64 పైథాన్ ఇంట్ సంతతి కాదు. నంపై ఫ్లోట్64 మాత్రం పైథాన్ ఫ్లోట్ సంతతే. అందుకే పైథాన్‌ను జావాకు కలిపే పై4జె అనే బ్రిడ్జ్ ద్వారా పంపేటప్పుడు చాలా వెర్షన్‌లలో దశాంశాలు సాఫీగా వెళ్తాయి, పూర్ణసంఖ్య మాత్రం "నంపై ఇంట్64 ఆబ్జెక్టుకు ఆ యాట్రిబ్యూట్ లేదు" అనే ఎర్రర్‌తో ఆగుతుంది. పంపే ముందు ఇంట్( ) తో చుడితే సరిపోతుంది. రెండో ఉచ్చుకు శబ్దమే ఉండదు. పూర్ణసంఖ్యలున్న కాలమ్‌లో ఒక్క విలువ ఖాళీగా వచ్చినా పాండాస్ మామూలుగా కాలమ్ మొత్తాన్ని ఫ్లోట్64 చేసేస్తుంది. నిన్నటి ఫైల్‌లో లాంగ్ ఓవర్‌లోడ్‌కు వెళ్లిన పైసలు, ఇవాళ్టి ఫైల్‌లో ఎక్కడో ఒక వరుస ఖాళీగా ఉన్నందుకు డబుల్ ఓవర్‌లోడ్‌కు వెళ్తాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఫైల్ చదివేటప్పుడే కాలమ్ టైపును ఖాళీలను ఒప్పుకునే ఇంట్64గా ప్రకటించండి. పాండాస్‌లో దాని పేరు పెద్ద ఐ అక్షరంతో మొదలవుతుంది, చిన్న అక్షరంతో రాస్తే మామూలు ఇంట్64 అవుతుంది.

ఆర్ సంగతి చిన్నది. అక్కడ 5 అంటే డబుల్. పూర్ణసంఖ్య కావాలంటే 5 పక్కన ఎల్ అక్షరం పెట్టాలి. జావాలో అదే ఎల్ లాంగ్‌కు గుర్తు, ఆర్‌లో 32 బిట్ల ఇంటిజర్‌కు. రెండు భాషలూ రోజూ రాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

పిలిచే ముందు సిగ్నేచర్‌లు చూడండి

డాక్యుమెంటేషన్‌ను నమ్మి మొదలుపెట్టకండి. జేడీకేతో వచ్చే జావాపీ టూల్‌కు మైనస్ ఎస్ ఇచ్చి క్లాస్ పేరు చెప్పండి. ప్రతి మెథడ్‌తో పాటు దాని లోపలి సిగ్నేచర్, అంటే అది తీసుకునే, ఇచ్చే టైపుల గుర్తులు కూడా చూపిస్తుంది. ఇంట్‌కు ఐ, డబుల్‌కు డి, ఫ్లోట్‌కు ఎఫ్, షార్ట్‌కు ఎస్, బైట్‌కు బి అనే అక్షరాలుంటాయి. లాంగ్‌కు జె, బూలియన్‌కు జడ్. ఎల్ అక్షరం ఆబ్జెక్టులకు కేటాయించారు కాబట్టి లాంగ్‌కు జె వచ్చింది. మీరు పిలవబోయే పేరు ఈ జాబితాలో ఒక్కసారే కనిపిస్తే నిశ్చింత. రెండు మూడు సార్లు కనిపించి, తేడా సంఖ్యల టైపులోనే ఉంటే ఇక కింది పని తప్పదు.

ఒక్కో బ్రిడ్జ్‌లో టైపు చెప్పే పద్ధతి

జావాస్క్రిప్ట్‌తోనే మొదలుపెడతాను, అక్కడ పద్ధతి చక్కగా ఉంది. రైనో, నాష్‌హార్న్, గ్రాల్ మూడింటిలోనూ మెథడ్ పేరును సిగ్నేచర్‌తో సహా స్ట్రింగ్‌గా చదరపు బ్రాకెట్లలో రాయవచ్చు. లైబ్రరీ["ఛార్జ్(లాంగ్)"](500) అన్నమాట. ఇక ఇంజిన్‌కు ఎంచుకునే పని లేదు. చూడటానికి కాస్త మొరటుగా ఉంటుంది, కానీ కోడ్ చదివేవాళ్లకు ఉద్దేశం వెంటనే తెలుస్తుంది. డబ్బు లెక్కలున్న ప్రతి పిలుపునూ నేను ఇలాగే రాయిస్తాను. గ్రాల్‌కు మారేటప్పుడు ఇంకొకటి గమనించండి. ఇంట్ అడిగే మెథడ్‌కు 1.5 ఇస్తే నాష్‌హార్న్ కత్తిరించి 1 పంపేది, గ్రాల్ టైప్ ఎర్రర్ ఇస్తుంది. పాత స్క్రిప్ట్‌లు పడిపోతున్నాయని దాన్ని తిట్టుకోవద్దు. ఇన్నాళ్లూ పోతున్న పైసలను అది చూపిస్తోంది.

పైథాన్ నుంచి జేపైప్ అనే బ్రిడ్జ్ వాడితే సంఖ్యను చుట్టడానికి జెఇంట్, జెలాంగ్, జెఫ్లోట్, జెడబుల్ అనే టైపులు ఉన్నాయి. ఛార్జ్(జెలాంగ్(500)) అని రాస్తే లాంగ్‌కే వెళ్తుంది. పరిధికి మించిన పైథాన్ సంఖ్యను నేరుగా ఇంట్ అడిగే మెథడ్‌కు ఇవ్వబోతే ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది, తల తెగిన సంఖ్య వెళ్లదు. సరిహద్దులో కావలసింది సరిగ్గా ఇదే.

పై4జె దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పైస్పార్క్ వాడే అందరూ తెలిసో తెలియకో దాని మీదే నడుస్తున్నారు. పై4జె పైథాన్ ఇంట్‌ను పంపేటప్పుడు దాని విలువను చూస్తుంది. 32 బిట్లలో పడితే జావా ఇంట్‌గా పంపుతుంది, పడకపోతే లాంగ్‌గా. అంటే ఏ మెథడ్ పిలవాలన్నది వేరియబుల్ టైపు మీద కాకుండా ఆ రోజు అందులో ఉన్న సంఖ్య మీద ఆధారపడుతుంది. ఒక క్లాస్‌లో 'వెతుకు' అని రెండు మెథడ్‌లున్నాయనుకోండి. ఇంట్ తీసుకునేది జాబితాలో వరుస సంఖ్యతో వెతుకుతుంది, లాంగ్ తీసుకునేది ఖాతా నంబరుతో. టెస్టు డేటాలో ఖాతా నంబరు 1001. పై4జె దాన్ని ఇంట్‌గా పంపుతుంది, వరుస సంఖ్యతో వెతికే మెథడ్ నడుస్తుంది. ప్రొడక్షన్‌లో పదకొండు అంకెల ఖాతా నంబరు వస్తే లాంగ్ మెథడ్ నడుస్తుంది. టెస్టు, ప్రొడక్షన్ రెండూ వేర్వేరు కోడ్‌ను నడిపాయి. టెస్టు పాసైందంటే అర్థమే లేదు.

సరే, జావా లాంగ్ ఆబ్జెక్టు తయారుచేసి పంపుదాం అనుకుంటారు. అదీ కుదరదు. పై4జెలో జావా లాంగ్ కన్‌స్ట్రక్టర్‌ను పిలిచినా, ఫలితం పైథాన్ వైపు చేరగానే మామూలు పైథాన్ ఇంట్‌గా మారిపోతుంది. మళ్లీ పంపితే మళ్లీ ఇంట్‌గానే వెళ్తుంది. లాంగ్ ఆబ్జెక్టునే అడిగే మెథడ్‌ను చిన్న సంఖ్యతో పిలిస్తే, ఇంటిజర్ తీసుకునే అలాంటి మెథడ్ లేదన్న ఎర్రర్ కనిపించేది ఇందుకే. దీనికి నిలకడైన మార్గం ఒక్కటే: జావా లేదా స్కాలా వైపు ఒక చిన్న సహాయక క్లాస్ రాసి, ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టండి. 'ఖాతాతో వెతుకు' అనే మెథడ్ లాంగ్ తీసుకుని లోపల సరైన ఓవర్‌లోడ్‌ను పిలుస్తుంది. ఆ పేరుతో ఇంకొకటి లేదు కాబట్టి పై4జె ఇంట్‌ను లాంగ్‌గా వెడల్పు చేసి అక్కడికే పంపుతుంది. నాలుగు లైన్ల క్లాస్, ఎంత కష్టం తీరుస్తుందో వాడితే తెలుస్తుంది.

ఆర్ నుంచి ఆర్‌జావా వాడేవాళ్లకు జెలాంగ్, జెఫ్లోట్, జెషార్ట్, జెబైట్ అనే ఫంక్షన్‌లు ఉన్నాయి, పేరు ముందు చుక్క ఉంటుంది. జెలాంగ్ లోపల విలువను డబుల్‌గానే దాచుకుంటుందని మరవకండి. 53 బిట్లు దాటిన నంబర్లు అక్కడ భద్రం కాదు. డాట్‌నెట్ లైబ్రరీలను పైథాన్‌డాట్‌నెట్ ద్వారా పిలిచేటప్పుడు మెథడ్ పేరు తరువాత ఓవర్‌లోడ్స్ అని రాసి చదరపు బ్రాకెట్లలో టైపు ఇవ్వండి. ఐరన్‌పైథాన్‌లోనూ ఇదే పద్ధతి.

సీ కోడ్ నుంచి జావాను పిలిచే జేఎన్ఐలో మెథడ్‌ను వెతికేటప్పుడు సిగ్నేచర్ ఎలాగూ ఇవ్వాల్సిందే కనుక ఓవర్‌లోడ్ గందరగోళం లేదు. ప్రమాదం తరువాతి మెట్టులో ఉంది. కాల్ వాయిడ్ మెథడ్ లాంటివి ఎన్ని ఆర్గ్యుమెంట్‌లైనా తీసుకునే సీ ఫంక్షన్‌లు. జావా లాంగ్ ఎదురుచూస్తున్నచోట మీరు సీ ఇంట్ ఇస్తే కంపైలర్ ఏమీ అనదు, అవతల చెత్త విలువ చేరవచ్చు. జెలాంగ్ అని క్యాస్ట్ రాయండి. సీలో లాంగ్ అని రాస్తే చాలదు. 64 బిట్ల లినక్స్‌లో అది 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32 బిట్లే.

సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను పైబైండ్11తో పైథాన్‌కు ఇచ్చేటప్పుడు ఓవర్‌లోడ్‌లను మీరు నమోదు చేసిన వరసలోనే అది ప్రయత్నిస్తుంది. ముందు మార్పిడి లేకుండా ఒక చుట్టు, తరువాత మార్పిడితో ఇంకో చుట్టు. ఇరుకైన టైపును ముందు నమోదు చేయండి. మార్పిడి అసలు వద్దనుకున్న ఆర్గ్యుమెంట్‌కు నోకన్వర్ట్ పెట్టండి.

బాక్సులో ఉన్న సంఖ్య

ఓవర్‌లోడ్ లేకపోయినా ఇదే జబ్బు ఇంకోచోట బయటపడుతుంది. జావా మ్యాప్‌లో గెట్ మెథడ్ ఆబ్జెక్టు తీసుకుంటుంది. తాళంచెవులు (కీలు) లాంగ్‌గా ఉన్న మ్యాప్‌లో గెట్(5) అని అడిగితే 5 ఇంటిజర్‌గా బాక్సవుతుంది. లాంగ్ 5, ఇంటిజర్ 5 సమానం కావు, జవాబు నల్, అంటే ఏమీ దొరకలేదని. జేపైప్ నుంచి ఇది తిరగబడుతుంది. అక్కడ పైథాన్ ఇంట్ ఆబ్జెక్టుగా మారాల్సి వస్తే లాంగ్ అవుతుంది. కాబట్టి ఇంటిజర్ తాళంచెవులున్న మ్యాప్‌లో దొరకదు. మ్యాప్‌లో విలువ ఉందని కళ్లారా కనిపిస్తున్నా నల్ వస్తోందంటే ముందు తాళంచెవి క్లాస్ పేరు ప్రింట్ చేసి చూడండి. మిగతా పరిశోధన చాలావరకు అక్కర్లేదు.

జావా లిస్ట్‌లో రిమూవ్ కూడా ఈ కోవలోదే. ఇంట్ ఇస్తే ఆ స్థానంలో ఉన్నదాన్ని తీసేస్తుంది, ఆబ్జెక్టు ఇస్తే ఆ విలువను వెతికి తీసేస్తుంది. 10, 20, 30 ఉన్న లిస్ట్‌లో రిమూవ్(1) అంటే 20 పోతుంది, రిమూవ్(10) అంటే స్థానం లేదని ఎక్సెప్షన్ వస్తుంది. విలువ 10ని తీయాలంటే ఇంటిజర్.వాల్యూఆఫ్(10) ఇవ్వాలి. కాట్లిన్ రూపకర్తలు స్థానాన్ని తీసేదానికి రిమూవ్‌అట్ అని వేరే పేరు పెట్టారు. అంత మంచి సర్దుబాటు ఇంకొకటి లేదు.

డబ్బు, నంబర్లు

దశాంశాలను కచ్చితంగా దాచే జావా బిగ్‌డెసిమల్ కన్‌స్ట్రక్టర్‌కు డబుల్ రూపం ఉంది, స్ట్రింగ్ రూపం ఉంది. 0.1 అని డబుల్ ఇస్తే లోపల చేరేది 0.1000000000000000055తో మొదలై ఇంకా సాగే సంఖ్య. "0.1" అని స్ట్రింగ్ ఇస్తే 0.1. ఏ భాష నుంచి పిలిచినా కొటేషన్ మార్కులు పెట్టి పంపండి. పై4జె అయితే పైథాన్ డెసిమల్‌ను నేరుగా బిగ్‌డెసిమల్‌గా దాటిస్తుంది, అదీ మంచిదే.

మన మొబైల్ నంబరు పది అంకెలు, 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలవుతుంది. ఇంట్ గరిష్ఠ విలువ 2147483647 కాబట్టి ఏ మొబైల్ నంబరూ ఇంట్‌లో పట్టదు. ఆధార్ పన్నెండు అంకెలు, అదీ పట్టదు. రెండూ లాంగ్‌లోను, డబుల్‌లోను పడతాయి. పడతాయి కదా అని సంఖ్యలుగా పంపకండి. వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. అవి స్ట్రింగ్‌లు. ఖాతా నంబర్లకైతే ఇంకో కారణం ఉంది: సున్నాతో మొదలయ్యేవి ఉంటాయి, సంఖ్య చేయగానే ఆ సున్నా పోతుంది. పొడవైన గుర్తింపు నంబర్లు జావాస్క్రిప్ట్ చేతికి వెళ్లేచోట కూడా ఇదే పద్ధతి. 9007199254740993ను జేసన్‌లో సంఖ్యగా పంపితే అక్కడ 9007199254740992గా చదవబడుతుంది, అది ఇంకొకరి నంబరు కావచ్చు. ట్విటర్ 2010లో ట్వీట్ నంబర్లతో పాటు స్ట్రింగ్ రూపాన్ని కూడా ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే.

డేటాబేస్‌ను కూడా పరాయి భాషగానే చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో రౌండ్‌కు దశాంశ స్థానాలు చెప్పే రూపం న్యూమరిక్ టైపుకే ఉంది, డబుల్ ప్రెసిషన్‌కు లేదు. అందుకే యావరేజ్ తీసి రెండు స్థానాలకు రౌండ్ చేయబోతే కొన్ని కాలమ్‌లకు నడిచి, కొన్నింటికి అలాంటి ఫంక్షన్ లేదంటుంది. ముందు న్యూమరిక్‌కు క్యాస్ట్ చేయాలి. మీరు సొంతంగా ఓవర్‌లోడ్ చేసిన ఫంక్షన్‌లను పైథాన్ నుంచి పిలుస్తుంటే ఎస్‌క్యూఎల్‌లోనే పారామీటర్ పక్కన రెండు కోలన్‌లు పెట్టి టైపు రాయండి. పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌కు కలిపే సైకోపీజీ 3 కూడా సంఖ్య పరిమాణాన్ని బట్టి స్మాల్‌ఇంట్, ఇంటిజర్, బిగ్ఇంట్ అని టైపు మారుస్తుంది.

లైబ్రరీ మీ చేతిలో ఉంటే

సంఖ్య టైపు ఒక్కటే తేడాగా ఉండే ఓవర్‌లోడ్‌లు పెట్టకండి. రెండు మెథడ్‌లూ ఒకే అర్థంతో, ఒకే జవాబు ఇచ్చేవైతే పరవాలేదు, మ్యాథ్.మ్యాక్స్ అలాంటిది. అర్థం మారితే పేరు మారాలి. 'ఛార్జ్ పైసల్లో', 'ఛార్జ్ రూపాయల్లో' అని పెడితే ఏ భాష నుంచి, ఏ బ్రిడ్జ్ మీద వచ్చినా తప్పు దారి ఉండదు. పాత ఓవర్‌లోడ్‌లను తీసేయలేని పరిస్థితిలో పైన చెప్పిన సహాయక క్లాస్‌ను బయటివాళ్లకు చూపి, మిగతాది లోపలే ఉంచండి. పేర్లు పొడుగవుతాయని అభ్యంతరం చెప్పేవాళ్లు ఉంటారు. కోడ్ రివ్యూలో ఈ వాదన వచ్చినప్పుడు నేను వెనక్కి తగ్గను.

బ్రిడ్జ్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష క్లాస్ రాసి పెట్టుకోండి. అందులో 'ఎవరు' అనే ఒకే పేరుతో ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్, బూలియన్, ఇంటిజర్, లాంగ్ ఆబ్జెక్టు, ఆబ్జెక్టు తీసుకునే మెథడ్‌లు ఉంటాయి. ఒక్కొక్కటి తన టైపు పేరునే స్ట్రింగ్‌గా తిరిగి ఇస్తుంది, ఇంకేమీ చేయదు. పిలిచే భాష నుంచి దానికి ఈ విలువలు పంపండి: 0, -1, 5, 5.0, 10/2, ట్రూ, 2147483647, 2147483648, 16777217, 9007199254740993, ఇంకా మీరు నిజంగా వాడే డేటా నుంచి నంపైలోనో పాండాస్‌లోనో తీసిన ఒక విలువ. వచ్చిన పేర్లను ఒక ఫైల్‌లో రాసి ప్రాజెక్టులో కమిట్ చేయండి. ఆ తరువాత కొన్ని ఓవర్‌లోడ్‌లను తీసేసి, మీ అసలు క్లాస్‌లో ఏవి ఉన్నాయో అవే మిగిల్చి ఇంకోసారి నడపండి. ఎంపిక మారడం మీకే కనిపిస్తుంది.

ఈ పరీక్షను బిల్డ్‌లో భాగం చేయండి, బ్రిడ్జ్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ పాత ఫైల్‌తో పోల్చండి. నాష్‌హార్న్‌ను 2020లో జావా 15 నుంచి తీసేశారు. జావా 8 లేదా 11 మీద ఇంకా దాన్నే నడుపుతున్న టీమ్‌లు కొత్త జావాకు వెళ్లాలంటే విడి లైబ్రరీగా దొరికే నాష్‌హార్న్‌కో, వేరే ఇంజిన్‌కో మారాలి. మారే ముందు పాత ఇంజిన్ మీద ఈ పరీక్ష నడిపి ఫైల్ దాచుకోండి. పాత జావాను సర్వర్ల నుంచి తీసేశాక ఆ జాబితా తయారుచేయడం చాలా కష్టం.